ఏడు నెలల నిండు ట్యాంకు

మా ఆఫీసు జీపు ఏప్రిల్ మొదటి తేదీ నుంచి అక్టోబరు ముప్పయ్యొకటి దాకా చుక్క డీజిలు తాగకుండా రెండువేల ఎనిమిదివందల అరవై కిలోమీటర్లు తిరిగింది. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు, ప్రభుత్వ రికార్డు. ఆ రికార్డులో ప్రతి అక్షరమూ నేనే రాశాను కాబట్టి నాకు బాగా తెలుసు.

నా పేరు సన్యాసిరావు. గరుడవలస పశువైద్య డివిజన్ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పశువుల గురించి నాకేమీ తెలియదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క గేదెనైనా తాకి ఎరగను. నా పని ఫైలు. చచ్చిన గేదెను కాగితం మీద బతికించమంటే బతికిస్తాను, బతికున్నదాన్ని చంపమంటే చంపుతాను. కింద సంతకం పెట్టేవాళ్ళు వేరే ఉంటారు గనక నాకు నిద్ర బాగానే పడుతుంది.

జీపు డ్రైవరు పైడిరాజు. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసు. అక్టోబరు ఆఖరున రిటైరవుతాడు. ఆ మనిషికి ఉన్నది ఒకటే పిచ్చి, తన సర్వీసు రిజిస్టరు. అందులో మెమోలూ శిక్షలూ ఎర్ర సిరాతో ఎక్కిస్తాం. ఏడాదికోసారి నా టేబిలు దగ్గరికి వచ్చి, చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుని నిలబడేవాడు.

"ఓపాలి నా పుస్తకం సూడండి బాబూ. ఎర్ర సిరా ఏటైనా ఉన్నాదా?"

"లేదు పైడిరాజూ."

"ఐతే సాలు."

దానికి కారణముంది. వాళ్ళ నాన్న మున్సిపాలిటీ చెత్తబండి తోలేవాడు. ఎడ్లకిచ్చిన ఉలవలు తనే ఉడకేసుకు తిన్నాడని ఆయన మీద కేసు పెట్టారు. విచారణ తొమ్మిదేళ్ళు సాగింది. ఎడ్లు పోయాయి, తరవాత ఆయనా సస్పెన్షన్లోనే పోయాడు. విచారణ మాత్రం ఇంకా ఉందని కొందరంటారు. "మచ్చ నేకండా దిగిపోవాల బాబూ. మా అయ్యకి దక్కనిది నాకు దక్కాల," అనేవాడు పైడిరాజు.

మా జీపు పాతది. డ్రైవరు సీటు కిందే దాని ట్యాంకు. పైడిరాజు దగ్గర ఒక వెదురు కర్ర ఉండేది. దాని మీద చాకుతో నాలుగు గాట్లు పెట్టాడు, గాటుకి పది లీటర్లు. రోజూ పొద్దున్న ట్యాంకు మూత తీసి, కర్రను కళ్ళకద్దుకుని లోపల ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి లాగుపుస్తకంలో రాసేవాడు. పంతొమ్మిదేళ్ళు ఆ కర్ర ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఏప్రిల్ మొదటి తేదీన రాజధాని నుంచి 'ఇంధన పారదర్శకతా విధానము' వచ్చింది. దానితోపాటు ఒక నల్ల డబ్బా కూడా వచ్చింది. ఎవరో వచ్చి ఆ డబ్బాను డీజిలు మీటరు తీగకు కట్టి, టీ తాగి వెళ్ళిపోయారు. మీటరు ముల్లు ఏ గీత మీద ఉందో ఆ డబ్బా క్షణక్షణమూ రాజధానికి కబురు పంపుతుంది. ఉత్తర్వులో ఇలా ఉంది: "ఇకమీదట వాహన చోదకుల మౌఖిక వాంగ్మూలములు, లాగుపుస్తకములు, తదితర అనధికార సాధనములు ప్రమాణములు కాజాలవు. సూచిక ముల్లు పావు గీతకు దిగువన ఉన్నప్పుడు మాత్రమే ఇంధనము మంజూరు చేయబడును."

అంతకు ముందు రోజు మార్చి ఆఖరు. మిగిలిన బడ్జెట్టు మురిగిపోకూడదని ట్యాంకు పొర్లేదాకా డీజిలు పోయించాం. ముల్లు ఎగిరి 'ఫుల్' మీద కూర్చుంది. మళ్ళీ దిగలేదు.

నాలుగో రోజుకి కర్ర ఒక్క గాటే చూపించింది. ముల్లు మాత్రం ఫుల్. డీజిలు కావాలని కంప్యూటర్లో అర్జీ పెడితే తక్షణం జవాబొచ్చింది: 'మీ ట్యాంకు నిండుగా ఉంది. పొదుపు పాటిస్తున్నందుకు అభినందనలు.'

పైడిరాజు కర్ర పట్టుకుని డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాడు. పరాంకుశం గారు ఇంట్లో ఉప్పు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతారని ప్రతీతి. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయన అనరు. ఆ మేరకు ఉత్తర్వు తెప్పిస్తారు.

"ఏమిటిది?" అన్నారాయన కర్రను చూసి.

"కొలకర్రండి. ఆయిలు అయిపోవచ్చిందండి."

"దీనిపై తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఏది?"

"ముద్రెక్కడిదండి? మా ఇంటెనక ఎదురుపొదలోది."

"ముద్ర లేని సాధనముతో ప్రభుత్వ ట్యాంకును కొలుచుట ఎంతటి తీవ్రమైన విషయమో గ్రహించితివా? సరే. ముల్లు ఏమి సూచించుచున్నది?"

"నిండుగున్నాదంటందండి. అది అబద్ధమండి బాబూ."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "పైడిరాజూ! ముల్లు ప్రభుత్వానిది. కర్ర నీది. ఇందులో అబద్ధమాడగలది ఏదో నీవే యోచించుకొనుము." తరవాత నా వైపు తిరిగి, "సన్యాసిరావు గారూ, ట్యాంకు నిండుగా ఉన్నందున వాహనము యథావిధిగా నడుపవలెనని నోట్ పుటప్ చేయండి," అన్నారు. చేశాను.

వాహనం యథావిధిగా జీడివలస దాకా నడిచి, అక్కడ ఆగిపోయింది. గాలికుంటు టీకాల రోజులవి. ఐసు పెట్టెలో మూడువందల టీకాలున్నాయి. పైడిరాజు చెమటలు కక్కుకుంటూ ఊళ్ళోవాళ్ళకి విషయం చెప్పాడు. అప్పలనర్సమ్మ అనే ఆవిడకి అక్కడ నాలుగు గేదెలున్నాయి. ఆ ఊరికి ప్రెసిడెంటు ఎవరైనా మాట మాత్రం ఆవిడదే.

"ఓస్, ఇంతేనేటి! టీకా పడకపోతే నా గేదిలు డెక్కలూడి సస్తాయి. మా మరిది ట్రాక్టర్ల ఆయిలుంది, రెండు లీటర్లు పోసుకెల్లు బాబూ. ముందూరోలు ఇంకో రెండు పోత్తారు. పొయ్యకపోతే నా పేరు సెప్పు," అందావిడ.

అలా మొదలైంది. పదకొండు ఊళ్ళు. ఏ ఊరికి వెళితే ఆ ఊరివాళ్ళు తర్వాతి ఊరికి సరిపడా పోసేవారు. పైడిరాజు ఎవరి పేరూ వదలకుండా లాగుపుస్తకంలో రాసేవాడు. 'జీడివలస, అప్పలనర్సమ్మ, రెండు లీటర్లు.' అది అనధికార సాధనం కాబట్టి నేను దాన్ని తెరిచి చూడలేదు.

జూన్ నెలాఖరుకి రాజధానిలోని కంప్యూటరు మా బండి తిరిగిన కిలోమీటర్లను వాడిన లీటర్లతో భాగించబోయింది. లీటర్లు సున్నా. కంప్యూటరు కాసేపు ఆలోచించి 'మైలేజీ: అనంతము' అని తేల్చింది.

రాష్ట్రం మొత్తం మీద అనంతమైన మైలేజీ ఇస్తున్న బండి మాదొక్కటే. అభినందన పత్రం వచ్చింది. దాని వెనకే ముగ్గురు సభ్యుల 'చోదక నైపుణ్య అధ్యయన సంఘము' వచ్చి రెండు రోజులు జీపులో తిరిగింది. జీడివలసలో అప్పలనర్సమ్మ ఇంట సంఘం వారు నాటుకోడి కూరతో భోంచేస్తుండగా వీధిలో జీపుకి ఆయిలు పోస్తున్నారు. అధ్యక్షుల వారు చెయ్యి కడుక్కోవడానికి వచ్చి అది చూశారు కూడా.

"డబ్బాలో ఏమిటమ్మా అది?"

"ఆయిలు బాబూ."

"వంటకా?"

"బండికండి."

"బండి నిండుగా ఉంది కదా," అని నవ్వి, రెండో విడత కూరకి లోపలికి వెళ్ళిపోయారు.

సంఘం నివేదిక నలభై పేజీలు. డీజిలు ఆదాకి కారణం అందులో ముప్పయ్యారో పేజీలో ఉంది. పైడిరాజుకి బండంటే భక్తి. చెప్పులు విప్పి సీటు పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో తోలుతాడు. 'పాదమునకు, పెడలునకు మధ్య చర్మ వ్యవధానము లేకపోవుటచే ఇంధనము అనవసరముగా ప్రేరేపింపబడుట లేదు' అని తేల్చారు. వారం తిరక్కుండా అన్ని డివిజన్లకూ ఉత్తర్వు వెళ్ళింది. డ్రైవర్లందరూ ఇకమీదట నగ్నపాద చోదనము చేయవలెను. అప్పటికీ డీజిలు వాడిన వారి నుంచి సంజాయిషీ కోరబడును.

ఆ ఏడు వానలు రాలేదు. జూలైలో కూడా రోడ్లు పెనంలా కాలుతున్నాయి. ఒకరోజు పక్క డివిజన్ల నుంచి నలుగురు డ్రైవర్లు కుంటుకుంటూ మా ఆఫీసుకి వచ్చారు. అరికాళ్ళ నిండా బొబ్బలు. జేబుల్లో మెమోలు. వాళ్ళలో పెద్దవాడు పైడిరాజు ముందు నిలబడ్డాడు.

"మావా, నీ బండి గాలి తాగుతాదేటి? నీ కాడ ఏటి మంత్రముందో మాకూ సెప్పు. నేదంటే మా పొట్టలు కొట్టీకు. ఇరవయ్యేళ్ళనించి ఒక్క మెమో నేదు నాకు. మొన్న పడిపోనాది."

పైడిరాజు వాళ్ళని కూర్చోబెట్టి, అరికాళ్ళకి పశువుల పుండ్లకి రాసే లేపనం రాశాడు. మా ఆఫీసులో ఉన్న మందు అదొక్కటే. వాళ్ళు వెళ్ళాక తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"కాయితం రాయండి బాబూ. మీటరు పాడైపోనాది, బండి ఊళ్ళోల ఆయిలు మీద తిరగతంది అని."

"నీకేమైనా మతిపోయిందా? ఆగస్టు పదిహేనున నీకు, అయ్యగారికి కూడా ప్రశంసాపత్రాలిస్తున్నారు. మూడు నెలలు నోరు మూసుకున్నావంటే పూలదండతో దిగిపోతావు."

"నా పుస్తకం తెల్లగుండాలని ఇంకోల పుస్తకంలో ఎర్ర సిరా పొయ్యమంటారా?"

రాసిచ్చాను. పరాంకుశం గారు అది రెండుసార్లు చదివారు. చివరికి, "ఇంధన మట్ట సంవేదకము లోపభూయిష్ఠమని ఆరోపణ. సాంకేతిక నిర్ధారణ జరుపవలసి ఉన్నది," అన్నారు.

సాంకేతిక నిర్ధారణ కోసం బస్టాండు వెనక షెడ్డులోంచి జిలానీ మేస్త్రిని పిలిపించాం. ఆయన సీటెత్తి, ట్యాంకు మీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఏం లేదు సార్. ట్యాంకులో ఫ్లోటని ఒక బెండు ఉంటుంది. డీజిలుతోపాటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ముల్లుని తిప్పేది అదే. అది పైన ఇరుక్కుపోయింది. పైన ఆరు స్క్రూలు తీసి చూస్తే అరగంట పని."

నేను రూల్సు పుస్తకం తెరిచాను. భద్రతా కారణాల వల్ల, ముల్లు ఖాళీ చూపిస్తున్నప్పుడు మాత్రమే ట్యాంకు విప్పాలి. విప్పితేగానీ ముల్లు ఖాళీ చూపించదు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు.

"పోనీ ఇంకో దారి ఉంది సార్," అన్నాడు జిలానీ. "ట్యాంకు నిండా డీజిలు పోసి, గతుకుల రోడ్డు మీద నాలుగు రోజులు తిప్పండి. నానిపోయి అదే ఊడొచ్చేస్తుంది."

"నిండుగా ఉన్న ట్యాంకులో ఎచ్చట పోయుదువయ్యా?" అన్నారు పరాంకుశం గారు. "అదియునుగాక, ముల్లు బాగుండలేదనుటకు నిదర్శనమేది?"

"ముల్లు బాగానే ఉంది సార్, తీగ కూడా బాగానే ఉంది. చూపిస్తా చూడండి." జిలానీ ట్యాంకు మీదున్న తీగను పట్టుకుని లాగేశాడు. ముల్లు ఫుల్ మీద నుంచి టపీమని కిందపడి ఖాళీ దగ్గర ఆగింది. "చూశారా? తీగ తీస్తే పడుతుంది, పెడితే లేస్తుంది. రోగం ట్యాంకులోనే ఉంది."

మళ్ళీ తీగ తగిలించాడు. ముల్లు లేచి ఫుల్ మీద కూర్చుంది. మొత్తం ఎనిమిది సెకన్లు. ఇంత తేటగా రోగం చెప్పిన మనిషిని నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

అదే ఎనిమిది సెకన్లలో నల్ల డబ్బా కూడా తన పని తాను చేసింది. పరాంకుశం గారి ఫోను వరసగా నాలుగుసార్లు మోగింది. మొదటి కబురు: 'గరుడవలస వాహనము నుండి నలభై లీటర్ల ఇంధనము అపహరింపబడినది.' రెండోది: 'పావు గీతకు దిగువన ఉన్నందున ఇంధనము మంజూరైనది.' మూడోది: 'ట్యాంకు నిండుగా ఉన్నందున మంజూరు రద్దయినది.' నాలుగోది: 'అపహృత ఇంధనము ఎనిమిది సెకన్లలో స్వాధీనము. డిప్యూటీ డైరెక్టరు వారి అప్రమత్తతకు అభినందనలు.'

ఆగస్టు పదిహేనున పరాంకుశం గారికి రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఒకటి పొదుపుకి, ఒకటి చోరీ సొత్తు పట్టుకున్నందుకు. పైడిరాజుకి ఛార్జిమెమో వచ్చింది. సొత్తు దొరికింది కదా, ఇంకా కేసేమిటని నేను భయపడుతూనే అడిగాను. "దొరికినదనగా పోయినదనియే కదా!" అన్నారాయన. ఆ తర్కానికి నేను చేతులెత్తి దండం పెట్టాను.

మెమో నా చేత్తోనే పైడిరాజుకి అందించాను. అతను సంతకం పెట్టాడు. "మా అయ్య ఉలవలు తిన్నాడన్నారు. నేను ఆయిలు తాగినానంటారేటి బాబూ?" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

విచారణాధికారిణి త్రిపురాంబ గారు సెప్టెంబరులో వచ్చారు. ఆమెకు నిక్కచ్చి మనిషని పేరు. ప్రశ్నలు ముందే టైపు చేయించి తెచ్చుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని రాసుకున్నాను.

"ఎనిమిది సెకన్లలో నలభై లీటర్లు ఎట్లు తీసితివి?"

"తియ్యనేదండి."

"తీయనిచో తిరిగి ఎట్లు పోసితివి?"

"పొయ్యనూ నేదండి."

"రాసుకోండి. తీసిన విధానము గానీ, పోసిన విధానము గానీ వెల్లడించుటకు నిరాకరించినాడు."

జీడివలస సాక్షులను విచారించడానికి ఆమె మా జీపులోనే బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. ఊరికి మూడు కిలోమీటర్ల ఇవతల, జీడితోటల మధ్య బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ముల్లు ఫుల్. చెట్టు నీడైనా లేని చోటు. అరగంట గడిచింది. త్రిపురాంబ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏదీ, ఆ కర్ర ఇలా ఇవ్వు," అన్నారు.

స్వయంగా ట్యాంకు మూత తీసి కర్రను ముంచి చూశారు. పొడిగా వచ్చింది. తిప్పి ముంచారు. మళ్ళీ పొడే. ఆమె ఆ కర్రనూ, ముల్లునూ మార్చి మార్చి చూశారు. తరవాత మొదటిసారి మనిషి మాట మాట్లాడారు.

"చూడు పైడిరాజూ. ఇందులో చుక్క లేదని నాకు తెలిసింది. కానీ ఆ తెలిసింది నాకు, విచారణాధికారికి కాదు. ఆవిడకి ముల్లే సాక్ష్యం."

"ఆవిడికి మీరైనా సెప్పండమ్మా," అన్నాడు పైడిరాజు.

ఆమె కర్రను తిరిగిచ్చి, జీపెక్కి కూర్చున్నారు. అప్పలనర్సమ్మ మరిది డబ్బాతో వచ్చి ఆయిలు పోశాక గానీ బండి కదల్లేదు.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆమె ఒక ఉత్తర్వు చెప్పి రాయించారు. 'పదవీ విరమణ దినమున వాహనము అప్పగించునపుడు సంయుక్త తనిఖీ జరుపవలెను. ట్యాంకులో నలభై లీటర్లు ఉన్నచో అభియోగము వీగిపోవును. లేనిచో ఏడు నెలల ఇంధనమును అతడే అపహరించినట్లు భావింపబడును.' అది అయ్యాక నా చేత లక్క తెప్పించి, పైడిరాజు కర్ర పిడి మీద కరిగించి పోసి, తన ఆఫీసు ముద్ర గట్టిగా ఒత్తారు. "తనిఖీకి ఈ సాధనము అధికృతము," అని రాయించి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయారు. లోపలి విచారణాధికారికి ఈవిడ ఆ మాత్రమైనా చెప్పగలిగిందన్నమాట.

ఇప్పుడు చిక్కంతా నలభై లీటర్ల దగ్గరకి వచ్చి పడింది. ఆఫీసు ఇవ్వదు, ముల్లు ఫుల్ కాబట్టి. నువ్వే కొని పోసెయ్యరాదా అని పైడిరాజుతో అన్నాను.

"నేను కొని పోస్తే దొంగ సొత్తు తిరిగెట్టినట్టు కాదేటి బాబూ? నాకు నేను దొంగనని సంతకం ఎట్టుకోవాలా?" అన్నాడు. ఆ మాటా నిజమే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

అక్టోబరు ముప్పయ్యో తేదీన నేను సెలవు పెట్టి, బస్సెక్కి జీడివలస వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో నేను ఆఫీసు పని మీద ఒక ఊరికి నా అంతట నేను వెళ్ళడం అదే మొదలు. సెలవు పెట్టి ఆఫీసు పని చెయ్యడమూ అదే మొదలు. అప్పలనర్సమ్మ గేదెల దగ్గర కుడితి పోస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే నడుం మీద పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఆ కాయితాలు రాసినది నువ్వేనేటి?"

"నేనేనమ్మా."

"మా గేదిలు నయం బాబూ. తన్నాలంటే తిన్నగా తంతాయి." అలా అని లోపలికి కేకేసింది. "ఒలే, ట్రాక్టరు కట్టమను మా మరిదిని. పదకొండూళ్ళకీ కబురెట్టాల."

మర్నాడు పదకొండు గంటలకి అప్పగింత. హాల్లో శాలువా, పూలదండ ఒక బల్ల మీద ఉన్నాయి, ఛార్జిమెమో ఫైలు ఇంకో బల్ల మీద ఉంది. ఏది ఇవ్వాలో తనిఖీ తేలుస్తుంది. పైడిరాజు ఉతికిన చొక్కా వేసుకుని జీపు పక్కన నిలబడ్డాడు. పది గంటల నుంచీ డబ్బాలు రావడం మొదలైంది. క్యాన్లు, నీళ్ళ సీసాలు, ఒక ముసలాయన ఇత్తడి చెంబుతో తెచ్చాడు. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. వచ్చి, పోసి, "మా ఆవుకి టీకా ఏసినావు, గేపకముందా?" అని ఒక మాట అని పక్కకి జరిగేవారు. పైడిరాజు లాగుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని అందరి పేర్లూ రాస్తున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి మధ్యలో ఆగుతున్నాడు.

తనిఖీ జరిగింది. పరాంకుశం గారు ముద్ర ఉన్న కర్రను రెండు వేళ్ళతో పట్టుకుని ముంచారు. నాలుగో గాటు దాటి తడిసింది.

"ముల్లు నిండుగానే ఉన్నదని మేము ఆది నుండియు చెప్పుచునే ఉంటిమి," అన్నారాయన తృప్తిగా. అభియోగం వీగిపోయింది. శాలువా కప్పారు.

దండ మెడలో ఉండగానే పైడిరాజు నా టేబిలు దగ్గరికి వచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఎర్ర సిరా ఉన్నాదా బాబూ?"

"లేదు పైడిరాజూ. ఎక్కడా లేదు."

"ఐతే సాలు." లాగుపుస్తకం నా టేబిలు మీద పెట్టి, "ఆకరి పేజీలో మీ పేరూ రాసినానండి. మీరు డబ్బా అట్టుకుని ఎనకనించి ఒచ్చి పోసినప్పుడు నేను సూసినాను," అన్నాడు. కర్ర ఇంటికి తీసుకెళ్తానని అడిగాడు. ముద్ర పడింది కాబట్టి అది ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి, ఇవ్వడానికి వీల్లేదన్నారు పరాంకుశం గారు. పైడిరాజు దాన్ని ఒకసారి కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

నవంబరు ఒకటిన కొత్త డ్రైవరు వచ్చాడు. నిండు ట్యాంకుతో నాలుగు రోజులు గతుకుల రోడ్ల మీద తిరిగాడు. జిలానీ చెప్పినట్టే లోపల ఇరుక్కున్న బెండు ఊడినట్టుంది. ముల్లు మెల్లగా దిగి ముప్పావు దగ్గరికి వచ్చింది. రాజధాని నుంచి పిడుగులాంటి ఉత్తరం దిగింది. ఏడు నెలలు చుక్క తాగని వాహనం నాలుగు రోజుల్లో పది లీటర్లు ఎలా తాగింది? కొత్త డ్రైవరు చెప్పులు విప్పుతున్నాడా, లేదా?

పరాంకుశం గారు నన్ను పిలిచారు. "సన్యాసిరావు గారూ, సంవేదకము చెడిపోయినది. ఏడు నెలలు స్థిరముగా ఉన్న ముల్లు నేడు చలించుచున్నది. తక్షణమే మరమ్మతుకు నోట్ పుటప్ చేయండి. ముల్లు పూర్వస్థితికి వచ్చి నిలువవలెను."

నేను బీరువా తెరిచి కర్ర తీసుకుని జీపు దగ్గరికి వెళ్ళాను. మూత తీసి ముంచాను. తడి మూడో గాటు దగ్గర ఆగింది. తల వంచి మీటరు చూశాను. ముప్పావు. ఏప్రిల్ తరవాత కర్రతోపాటు ముల్లు కూడా దిగడం నేను చూసింది అప్పుడే.

తిరిగొచ్చి కర్రను బీరువాలో పెట్టి తాళం వేశాను. తరవాత రాశాను: 'గత ఏడు నెలలుగా సక్రమముగా నిలిచియుండిన సూచిక ముల్లు నవంబరు ఒకటో తేదీ నుండి కదులుచున్నందున, సంవేదకము పాడైనదని నిర్ధారించడమైనది. మరమ్మతుకు మంజూరు కోరడమైనది.'

సాయంత్రానికి మంజూరైంది. నాకింకా పదకొండేళ్ళ సర్వీసుంది. నా సర్వీసు రిజిస్టరులో కూడా ఎక్కడా ఎర్ర సిరా లేదు.